చెస్ట్‌నట్ ఆకులోని పురుగు

వియన్నాకు వచ్చిన తొలి ఏడాది, ఆగస్టు ముగియకముందే ప్రాటర్ పార్కులోని హార్స్ చెస్ట్‌నట్ చెట్ల ఆకులు గోధుమరంగుకు తిరగడం చూసి, నీళ్లు చాలక ఎండిపోతున్నాయనుకున్నాను. చేతికందిన ఆకు నొకదాన్ని ఎండకెదురుగా పట్టి చూస్తే, పై పొర కింద నలకంత పురుగు కదులుతూ కనిపించింది. మన రైతులు పాముపొడ అనే తెగులు గుర్తుకొచ్చింది గాని, ఇక్కడ వంకర గీతలు కావు, ఆకు ఈనెల నడుమ వెడల్పాటి మచ్చలు.

ఈ పురుగు కామెరేరియా ఓహ్రిడెల్లా అనే చిన్న చిమ్మట లార్వా. 1984లో మాసిడోనియాలోని ఓహ్రిద్ సరస్సు దగ్గర కనబడి, 1986లో కొత్త జాతిగా నమోదై, 1989లో ఆస్ట్రియా చేరింది. అయితే గ్రీసులో 1879లో సేకరించి భద్రపరచిన ఆకుల్లోనూ దీని లార్వాలు దొరికాయి. ఒక శతాబ్దం పాటు ఎవరి కంటా పడలేదన్నమాట!

తల్లి పురుగు ఆకు పైభాగాన గుడ్లు పెడుతుంది. లార్వా నేరుగా లోపలికి తొలుచుకుపోయి, ఆకు కండను తింటూ పెరిగి, అక్కడే ప్యూపాగా మారుతుంది. ఏడాదికి సాధారణంగా మూడు తరాలు. చివరి తరం ప్యూపాలు రాలిన ఆకుల్లోనే చలికాలం గడుపుతాయి కనుక, శరదృతువులో ఆకులు ఊడ్చి తొలగించడమే సులువైన నివారణ.

నేను మాత్రం గుప్పెడు ఆకులు సీసాలో వేసి, పలుచని గుడ్డ కట్టి బాల్కనీలో ఉంచాను. ఏప్రిల్ చివర ఒక ఉదయం, ఐదు మిల్లీమీటర్లయినా లేని రాగిరంగు రెక్కల పురుగులు, తెల్లని చారలు మెరుస్తుండగా, గాజుకు అంటుకుని కూర్చున్నాయి.