మా తమ్ముడి ‘అందుకని’

మా తమ్ముడికి ఏదో అవుతోందని నాకు మొదట అనుమానం వచ్చింది వాడి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వింటుంటే. వాడు అమీర్‌పేటలో రూము తీసుకుని కోచింగ్‌కి వెళ్తున్నాడు, మేం సామర్లకోటలో. చిన్నప్పటి నుంచీ వాగుడుకాయ, పైగా టైపు చేయడానికి బద్ధకం, రోజుకి రెండు మూడు వాయిస్‌లు పంపేవాడు. మెస్‌లో సాంబారు నీళ్ళలా ఉందనీ, మెట్రోలో ఎవడో కాలు తొక్కాడనీ, అన్నీ ఇలాంటివే.

పోయినేడాది సంక్రాంతి దాటాక అవి మారాయి. మాట మధ్యలో ఆగిపోవడం ఎక్కువైంది, గొంతులో ఎత్తూ పల్లం లేదు. ఆ తర్వాత మొదలైంది ‘అందుకని’. "నిన్న టీ కొట్టు మూసేశాడక్కా, అందుకని నేను నీలం చొక్కా మానేశా, అందుకని నాన్నని ఫ్యాను ఆపమను." విడివిడిగా చూస్తే ఏ ముక్కకా ముక్క బాగానే ఉంది. ముడి వేసిన చోటే ముడి లేదు.

అమ్మ నిద్ర చాలట్లేదంది. నాన్న ఎవరో అమ్మాయి అన్నాడు. పిన్ని తాయెత్తు తెచ్చింది, కట్టాం కూడా, అబద్ధమెందుకు. ఉగాదికి ఇంటికొచ్చి రాత్రంతా డాబా మీద తిరుగుతుంటే ఇక ఆగలేక 14416కి ఫోన్ చేశాను, టెలి మానస్ అని మానసిక సమస్యల కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడారు. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. వాడికి "నిద్రకి మందు రాయించుకుందాం రా" అని చెప్పాను. అదీ నిజమే కాబట్టి వచ్చాడు.

కాకినాడలో డాక్టరమ్మ ముందు మమ్మల్ని కూర్చోబెట్టింది. "వింతగా మాట్లాడుతున్నాడండీ" అన్నాను. "వింతగా అంటే నాకేం తెలుస్తుందమ్మా, ఆ అబ్బాయి అన్నది అన్నట్టే చెప్పు" అంది. నేను ఫోన్ తీసి దీపావళినాటి మెసేజ్ ఒకటి, ఆ వారంది ఒకటి వినిపించాను. రెండూ రెండేసి సార్లు విని, "వేరేవాళ్ళతో పోల్చకూడదు, ఆర్నెల్ల కిందటి తనతోనే పోల్చాలి, ఇది పనికొచ్చింది" అంది. నిద్రలేకపోయినా, గంజాయి అలవాటున్నా, ఉత్త దిగులుకి కూడా మాట మారుతుందట. అందరూ ఇంట్లోవాళ్ళ మెసేజ్‌లు తీసి వెతుక్కోవడం మొదలెట్టకండి.

తర్వాత వాడిని అడిగింది. చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నారా, ఎవరైనా వెంటపడుతున్నట్టుందా, చచ్చిపోవాలనిపిస్తోందా, గంజాయి తాగావా. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవో చెప్పమంది. చివర్లో సామెత. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల, అంటే ఏంటి?" వాడు చాలాసేపు ఆలోచించి, "మా రూములో నీళ్ళు రావండి, ట్యాంకర్ బుధవారం వస్తుంది, బుధవారం రంగు ఆకుపచ్చ" అన్నాడు. అమ్మ నవ్వేసింది, జోకనుకుని. డాక్టరమ్మ నవ్వలేదు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టక ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. ఆలోచనల మధ్య లంకె సడలడమే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి ముఖ్య లక్షణమని స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ 1911లోనే రాశాడట, దానికి ఆ పేరు పెట్టిందీ ఆయనే. ఇప్పుడు ఆ లంకెని కంప్యూటర్‌తో కొలుస్తున్నారు. 2015లో న్యూయార్క్‌లో ఇలాంటి జబ్బు వచ్చే ముప్పు ఉన్న 34 మంది కుర్రాళ్ళతో, అమ్మాయిలతో మాట్లాడించి, ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి అర్థం ఎంత దూరం జారిందో, వాక్యాలు ఎంత పొడుగున్నాయో లెక్క కట్టారు. తర్వాత రెండున్నరేళ్ళలో ఐదుగురికి జబ్బు బయటపడింది, ఆ ఐదుగురు ఎవరన్నది ఆ లెక్క సరిగ్గా పట్టుకుంది. వినడానికి గొప్పగా ఉంది, కానీ 34 మంది అంటే మా వీధిలో రెండు పెళ్ళిళ్ళకి సరిపోని జనం. అదీ ఇంగ్లీషులో. మన తెలుగులో ‘వచ్చి, చూసి, అడిగితే, చెప్పకపోతే’ అంటూ ఒకే వాక్యం గోదావరి దాకా సాగుతుంది, దాన్ని ఆ లెక్కతో ఎలా కొలుస్తారో మరి.

థైరాయిడ్, బి12, మూత్ర పరీక్ష, తలకి స్కాన్, అన్నీ చేయించాం. థైరాయిడ్ తగ్గినా మాట మందగిస్తుందట. అన్నీ బాగానే వచ్చాయి. మామూలుగా సంతోషించాలి, కానీ నాకు ఏడుపొచ్చింది, థైరాయిడైతే బాగుండుననుకున్నాను. డాక్టరమ్మ జబ్బుకి పేరు పెట్టడానికి తొందరపడలేదు, "తొందరగా తీసుకొచ్చారు, చూద్దాం" అని రాత్రిపూట చిన్న మాత్రతో మొదలెట్టి రెండు వారాలకోసారి రమ్మంది. వెళ్ళిన ప్రతిసారీ మొదటి ప్రశ్న ఒకటే: "ఇవాళ ఇంటి దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఎలా వచ్చావో చెప్పు." మొదట్లో వాడు స్టేషన్ దాకా కూడా చేరేవాడు కాదు, మధ్యలో ఎటో వెళ్ళిపోయేవాడు. నాలుగో నెలలో టికెట్ చిల్లర గొడవతో సహా పూసగుచ్చినట్టు చెప్పాడు. మాత్ర వల్ల బరువు పెరిగాడు, దాని మీద ఇప్పటికీ గొణుగుడే.

కుదుటపడ్డాక నాతో పెద్ద గొడవ పెట్టుకున్నాడు, నన్ను అడక్కుండా నా గొంతు బయటివాళ్ళకి ఎలా వినిపించావని. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అడిగుంటే వద్దనేవాడు, వద్దన్నా నేను వినిపించేదాన్నే, అదీ చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు మళ్ళీ హైదరాబాద్‌లోనే ఉన్నాడు. వాయిస్‌లు పంపడం పూర్తిగా మానేశాడు, బద్ధకమైనా సరే అన్నీ టైపే. నిన్న రాత్రి వచ్చింది: "బస్సు దొరకలేదు అందుకని రేపు వస్తా. ఇది కూడా డాక్టరుకి చూపిస్తావా?"