కాలరుకు తగిలించిన వడపోత కాగితం: సీసం కొలతలో నా అనుభవం

2019 ఆరంభంలో నేను హైదరాబాద్ శివార్లలోని ఒక చిన్న బ్యాటరీ తయారీ యూనిట్‌లో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. ఆ సంవత్సరం వైద్య పరీక్షల్లో ప్లేట్లు పేర్చే విభాగంలోని ముగ్గురి రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే అంతకుముందు అక్టోబరులో వచ్చిన గాలి నాణ్యత నివేదికలో మాత్రం అదే విభాగంలో సీసం పరిమితిలోపే ఉందని రాసి ఉంది. మనిషి రక్తం ఒక మాట, నివేదిక ఇంకో మాట చెబుతున్నప్పుడు నేను రక్తాన్నే నమ్మాలనుకున్నాను. నమ్మి ఊరుకుంటే సరిపోదు కాబట్టి, సీసం ఎక్కడి నుంచి, ఏ పనిలో, ఎంత వస్తోందో నేనే కొలుస్తానని యాజమాన్యాన్ని ఒప్పించి, చేతిలో పట్టుకుని, ఎక్స్‌రేలతో లోహాలను గుర్తించి కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరాన్ని రెండు వారాలకు అద్దెకు తీసుకున్నాను.

మా దగ్గర అప్పటికే ఒక ధూళి మీటరు ఉండేది. దాన్ని చేత్తో పట్టుకుని షెడ్డులో తిరుగుతుంటే తెరమీద అంకెలు క్షణక్షణం మారుతుంటాయి కనుక, అందరూ అదే సీసాన్ని చూపిస్తోందని అనుకునేవారు. ఒకరోజు ప్రొడక్షన్ మేనేజరు కంగారుగా పిలిచి, ఘనమీటరుకు 0.4 మిల్లీగ్రాములు వస్తోందేమిటని అడిగారు. ఆ మీటరు గాలిలోని రేణువుల మీద వెలుగు పడి చెదిరినంతను బట్టి ధూళి బరువును అంచనా కడుతుందే తప్ప, ఆ ధూళి సీసమో, సిమెంటో, నేలమీది మట్టో దానికి తెలియదని నేను వివరించవలసి వచ్చింది. దాన్ని సరిచేసేది కూడా అరిజోనా రోడ్డు దుమ్ముతో. అదే సైజు సీసం రేణువు ఆ దుమ్ము రేణువుకంటే దాదాపు నాలుగు రెట్లు బరువైనది కాబట్టి, ఆ అంకెను సీసానికి అన్వయించడం ఏ విధంగానూ కుదరదు. ధూళి ఏ నిమిషంలో లేస్తోందో పట్టుకోవడానికి మాత్రం అది మంచి పనిముట్టు, ఆ మేలు నాకు తర్వాత అక్కరకు వచ్చింది.

లోహాన్ని పేరుపెట్టి కొలవాలంటే ముందు గాలిని వడపోత కాగితం గుండా లాగాలి. నడుముకు బెల్టుతో కట్టుకునే చిన్న పంపు, దాని నుంచి భుజం మీదుగా కాలరు దాకా ఒక గొట్టం, ఆ కొసన 37 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ క్యాసెట్, అందులో 0.8 మైక్రాన్ల రంధ్రాలున్న తెల్లని ఎంసీఈ (సెల్యులోజ్‌తో చేసిన) కాగితం: సరంజామా అంతా ఇంతే. క్యాసెట్ ముక్కుకు 30 సెంటీమీటర్ల లోపల ఉండాలి. పంపు నిమిషానికి 2 లీటర్లు లాగేలా షిఫ్టుకు ముందు సబ్బు బుడగ మీటరుతో సరిచూసుకుని, షిఫ్టు ముగిశాక మళ్ళీ చూసుకుని, రెండింటికీ తేడా 5 శాతం దాటితే ఆ నమూనాను పక్కన పెట్టాలి.

ఉదయం ఆరింటికి ప్లేట్లు పేర్చే పెద్దాయన నడుముకు పంపు కడుతుంటే, "ఏంది మేడం, మేమేం మాట్లాడుతున్నమో వినేటందుకా ఇది?" అని అడిగాడు. ఆ అనుమానాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. క్యాసెట్ విప్పి కాగితం చూపించి, మీరు పీల్చే గాలిలో ఒక పాయ దీని గుండా పోతుందని, సాయంత్రం దీని మీద చేరినదాన్ని కొలుస్తామని, ఆ లెక్కను ముందు మీకే చెబుతానని మాట ఇచ్చాను. ఆయన తలూపి, గొట్టం చేతికి అడ్డం రాకుండా తానే వీపు వైపు సర్దుకున్నాడు.

మొదటి రోజు నాలుగు పంపులు కట్టగా, రెండు నమూనాలు పనికిరాకుండా పోయాయి. ఒకటి పని నడుమ ఏప్రాన్ కింద గొట్టం మడత పడి, చివరికి ప్రవాహం 1.3 లీటర్లకు పడిపోయింది. రెండోది, చెమట తుడుచుకుంటూ ఒక కుర్రాడు గ్లవుజు చేత్తోనే క్యాసెట్ మూతిని రుద్దడం నేను కళ్ళారా చూశాను. గ్లవుజు మీది సీసం గాలిలోది కాదు. ఆ రెండింటినీ లెక్కలో వేసుకోవడానికి మనసొప్పక తీసేశాను. మరునాటి నుంచి గొట్టాన్ని రెండు చోట్ల క్లిప్పులతో పట్టించి, రెండు గంటలకొకసారి పంపులన్నీ చూసివచ్చేదాన్ని.

నమూనాలు సిద్ధమయ్యాక, ధూళి లేని ఒక గదిని తడిగుడ్డతో తుడిపించి, అక్కడ ఎక్స్‌ఆర్‌ఎఫ్‌ను కవచమున్న స్టాండులో బిగించాను. ఎక్స్‌రేలు పుట్టించే ఆ పరికరాన్ని చేత్తో ఎవరి వైపూ గురిపెట్టకూడదు. ఎక్స్‌రేలు తగిలినప్పుడు ఒక్కో లోహం తనకే చెందిన శక్తితో కిరణాలను తిరిగి వెదజల్లుతుంది, పరికరం వాటిని శక్తిని బట్టి గీతలుగా విడదీసి, అక్కడ ఏది ఎంత ఉందో చెబుతుంది. ఇక్కడ బ్యాటరీ పనికి సంబంధించిన చిక్కు ఒకటుంది. సీసం గీతల్లో ఒకటి 10.55 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే, ఆర్సెనిక్ గీత 10.54 దగ్గరే ఉంటుంది. బ్యాటరీ ప్లేట్లకు ఆధారంగా ఉండే సీసపు జల్లెడల (గ్రిడ్ల) మిశ్రమంలో ఆర్సెనిక్‌ను కొద్దిగా కలిపే అలవాటుంది కనుక, ఆ గీతను నమ్ముకుంటే ఒకదాని వాటా మరొకదానికి పోతుంది. అందుకే 12.6 దగ్గరున్న సీసం గీతనే ఎంచుకున్నాను.

పరికరం కిటికీ చిన్నది, కాగితం పెద్దది. మధ్యలో ఒకటి, అంచుల వైపు రెండు, మొత్తం మూడు చోట్ల చదివి సగటు తీశాను. పెద్దాయన కాగితం మీద చదరపు సెంటీమీటరుకు 15.7 మైక్రోగ్రాములు వచ్చింది. కాగితం వైశాల్యం 8.55 చదరపు సెంటీమీటర్లు కాబట్టి మొత్తం 134 మైక్రోగ్రాములు. భోజన విరామం పోను 480 నిమిషాలు పంపు నడిచింది, అంటే 960 లీటర్ల గాలి, ఘనమీటరుకు 140 మైక్రోగ్రాములు. అదే షెడ్డులో, పాత నివేదికకు నమూనా తీసిన చోటనే, గోడ పక్కన స్టాండు మీద నేను పెట్టిన క్యాసెట్‌లో మాత్రం ఘనమీటరుకు 23 మాత్రమే వచ్చింది. తెరిచి వెంటనే మూసేసిన ఖాళీ క్యాసెట్ కాగితం మీద పరికరానికి ఏమీ కనిపించలేదు. పాత నివేదిక అబద్ధం కాదని అప్పుడు అర్థమైంది. అది గోడ పీల్చిన గాలి లెక్క.

అప్పటి మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం ఎనిమిది గంటల సగటుకు పరిమితి ఘనమీటరుకు 150 మైక్రోగ్రాములుగా ఉండేది. 140 అంటే లోపలే ఉన్నామని కార్యాలయంలో ఊపిరి పీల్చుకున్నారు. అమెరికాలో 1978లోనే ఆ పరిమితిని 50గా నిర్ణయించారని నేను చెప్పినా, మన చట్టం మనదే కదా అన్నారు. ఎక్స్‌ఆర్‌ఎఫ్ కాగితాన్ని పాడుచేయదు కనుక, అవే కాగితాలను క్యాసెట్‌లతో సహా ప్రయోగశాలకు పంపి, క్యాసెట్ లోపలి గోడలను కూడా తడిపేపరుతో తుడిచి విడిగా కొలవమని కోరాను. పీల్చిన ధూళిలో కొంత ఆ ప్లాస్టిక్ గోడలకే అంటుకుపోతుంది, కాగితాన్ని మాత్రమే చూసే పరికరానికి అది కనబడదు. ఫలితం వచ్చింది: కాగితం మీద 136, గోడల మీద 24 మైక్రోగ్రాములు. రెండూ కలిపి అదే 960 లీటర్ల గాలికి లెక్కిస్తే ఘనమీటరుకు 167. పరిమితి దాటింది. పరికరం కాగితం దగ్గర దాదాపు సరిగ్గానే చెప్పింది, నేను దాన్ని అడగవలసిన ప్రశ్నే ఇంకొకటి మిగిలి ఉంది.

ఇక ఎక్కడి నుంచి వస్తోందన్నది తేల్చడానికి పాత ధూళి మీటరును పనిచోట పెట్టి చూశాను. రెండింటి నుంచి రెండున్నర దాకా, అంటే షిఫ్టు చివర కొబ్బరి చీపుళ్ళతో నేల ఊడ్చే వేళ, అంకెలు ఒక్కసారిగా పైకి లేచాయి. తర్వాతి వారం ఆ అరగంటకు విడిగా కొత్త క్యాసెట్ తగిలించాను. 60 లీటర్ల గాలికి 36 మైక్రోగ్రాములు వచ్చింది, అంటే ఘనమీటరుకు 600. పెద్దాయన కాగితం మీద రోజంతా చేరినదానిలో పావు వంతుకు పైగా ఈ అరగంటలోనే చేరుతోంది! వంగి ఊడ్చే మనిషి ముఖం నేలకు ఎంత దగ్గరో మనందరికీ తెలుసు.

మాట ఇచ్చినట్టే ముందు పెద్దాయనకు చెప్పాను. ఆయన తన కాగితాన్ని చూపించమన్నాడు. మధ్యలో పలుచని బూడిదరంగు మచ్చ, అంచున క్యాసెట్ అదిమిన చోట తెల్లని వలయం. చాలాసేపు చూసి, "రేపటి సంది చీపురు ముట్టం మేడం, మిషన్ తెప్పియ్యుర్రి" అన్నాడు. ఆ మాటను నేను ఉన్నదున్నట్టే నివేదికలో మొదటి వాక్యంగా రాశాను. సన్నని ధూళిని కూడా పట్టే హెపా వడపోత ఉన్న వాక్యూమ్ క్లీనరు రావడానికి ఆరు వారాలు పట్టింది, అప్పటిదాకా తడి మాపులతో నేల తుడిపించాం.

వాక్యూమ్ వచ్చాక అదే మనిషికి, అదే పనిచోట, గోడల తుడుపుతో సహా మళ్ళీ కొలిస్తే ఘనమీటరుకు 96 వచ్చింది. తగ్గింది కానీ, నా దృష్టిలో చాలదు. మిగిలినది ప్లేట్లు పేర్చే బల్ల మీదిది. ఆ బల్ల కిందికి గాలిని లాగే ఏర్పాటు కోసం కొటేషన్లు అడిగాం, మళ్ళీ కొలిచే తేదీని మాత్రం నేను ముందే కేలెండరులో రాసిపెట్టుకున్నాను.