నోట్‌బుక్ ఎవరిది?

పోయిన నెల జెర్సీ సిటీలో ఓ పాత రికార్డుల షాపులో 'రాపర్స్ డిలైట్' అనే రాప్ పాట పన్నెండంగుళాల సింగిల్ (ఒక్క పాట రికార్డు) దొరికింది. కవరు అంచులు చిరిగాయి, రికార్డు నిండా గీతలే. అయినా ఇల్లు చేరేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాను. 1979 సెప్టెంబరులో వచ్చింది ఈ పాట. నిడివి 14 నిమిషాల 35 సెకన్లు.

అప్పటిదాకా రాప్ అంటే న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పార్కుల్లో, పార్టీల్లో డీజే రికార్డు తిప్పుతుంటే మైకు పట్టుకుని లయకు తగ్గట్టు మాటలు చెప్పేది. ఎక్కువగా క్యాసెట్లే చేతులు మారేవి. దీన్ని రికార్డు వేసి అమ్మొచ్చని గట్టిగా నమ్మింది సిల్వియా రాబిన్సన్. భర్త జోతో కలిసి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో షుగర్ హిల్ రికార్డ్స్ నడిపేది. అంతకుముందు కలిసి పాడని ముగ్గురిని జట్టు కట్టించి, షీక్ బ్యాండు 'గుడ్ టైమ్స్' బాణీని వాద్యకారుల చేత మళ్లీ వాయించి పాడించింది. ఆ బాస్ గిటార్ పాట పొడవునా అలా తిరుగుతూనే ఉంటుంది.

పాట అమెరికా పాటల జాబితా హాట్ 100లో 36వ స్థానం దాకా వెళ్లింది. టాప్ 40లోకి వచ్చిన మొదటి రాప్ పాట ఇదే. బ్రిటన్‌లో 3, కెనడాలో ఏకంగా 1. షీక్ బ్యాండు వాళ్లు నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కేసు వేస్తామంటే రచయితలుగా వాళ్ల పేర్లు చేరాయి. బాణీ వాళ్లది, న్యాయమే.

పాటలోని మాటల సంగతే నన్ను నిద్రపోనివ్వదు. ముగ్గురిలో ఒకడు బిగ్ బ్యాంక్ హ్యాంక్, పిజ్జా షాపులో పనిచేసేవాడు. పాడే అవకాశం రాగానే బ్రాంక్స్‌లో రాప్ రాసి పాడే గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ దగ్గరికెళ్లి అతని నోట్‌బుక్ అడిగి తెచ్చుకున్నాడు. అందులోని చరణాలే పాడాడు. ఎంత ఉన్నదున్నట్టు పాడాడంటే, క్యాజ్ తన పాత పేరు 'కాసనోవా ఫ్లై'ని అక్షరం అక్షరంగా పలికిన చోటు కూడా అలాగే ఉండిపోయింది. వేమన పద్యాన్ని మకుటంతో సహా చదివి నాదేనన్నట్టు! క్యాజ్‌కు పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. నా దగ్గరున్న రికార్డు లేబుల్‌ని లైటు కింద పెట్టి ఎన్నిసార్లు చూశానో.

మా బాపు కూడా పాటలు రాసేవారు. తొంభైల్లో వరంగల్‌లో ఆయన పాటలతో ఒక క్యాసెట్ వచ్చింది. లోపలి కాగితం మీద పాడినవాళ్ల ఫొటోలు, పేర్లు అన్నీ ఉన్నాయి, రాసినాయన పేరు లేదు. చివరి చరణంలో బాపు మా ఊరి పేరు పెట్టుకున్నారు. దాన్నీ తీసేసి వేరే ఊరి పేరు పాడారు. ఆ క్యాసెట్ ఇప్పటికీ మా ఇంట్లో బీరువాలో ఉంది. ఆయన ఎన్నడూ దాని గురించి మాట్లాడలేదు.

ఆదివారం వీడియో కాల్‌లో సూది సరిగ్గా హ్యాంక్ చరణం మీద పెట్టి బాపుకు వినిపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఏబీసీడీలు తెలుసు. కళ్లు మూసుకుని విన్నారు. అక్షరాలు ఒక్కొక్కటిగా వచ్చే చోట చెయ్యెత్తి ఆపమన్నారు.

"పేరు గద బిడ్డా అది? పేరు చెప్తున్నడు గద?"

అవును బాపూ అన్నాను.

"మల్లోసారి పెట్టు."