పళ్లేలు మోగించిన అపార్ట్‌మెంటే

2020 మార్చిలో వైజాగ్ అల్లిపురంలో మన ఊరి మొదటి కరోనా కేసు బయటపడ్డప్పుడు గుర్తుందా? వీధులకి బ్యారికేడ్లు, ఎటు చూసినా బ్లీచింగ్ వాసన. రోగుల్ని మొదట చేర్చిన ఛాతీ ఆసుపత్రి అంటే ఆటోవాళ్లు రామనేవారు. తర్వాత విమ్స్ ఆసుపత్రిని కోవిడ్‌కి కేటాయించారు.

మా వదిన స్టాఫ్ నర్సు. ఒళ్లంతా కప్పే పీపీఈ కిట్లకి కటకట. ఒకసారి తొడుక్కుంటే డ్యూటీ అయ్యేదాకా విప్పడానికి లేదు. అందుకని మంచినీళ్లు కూడా మానేసేది. ఏప్రిల్‌లో వైజాగ్ ఉక్కపోత సంగతి తెలిసిందేగా! ఇంటికొచ్చేసరికి ముక్కు మీద మాస్కు ఒరుసుకుని ఎర్రగా గీత. చెప్పులు గుమ్మం బయట, బట్టలు వేణ్ణీళ్ల బకెట్లో. పిల్లాడు గది కిటికీలోంచే చెయ్యూపేవాడు.

మార్చి 22న జనతా కర్ఫ్యూ సాయంత్రం డాక్టర్లకీ నర్సులకీ థాంక్స్ అంటూ పళ్లేలు మోగించిన అపార్ట్‌మెంటే, వారం తిరక్కుండా "మీరు లిఫ్ట్ ఎక్కకండమ్మా" అంది. భయమే, కాదన్ను. ఏది ఎలా అంటుకుంటుందో డాక్టర్లకే పూర్తిగా తెలియని రోజులు. కానీ రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషిని నాలుగంతస్తులు ఎక్కించడం నాకిప్పటికీ మింగుడుపడదు.

అన్నట్టు, కూరగాయల దగ్గర దూరంగా నిలబడమని సున్నంతో గళ్లు గీస్తే, జనం గళ్లలో సంచులు పెట్టి, చెట్టు నీడకెళ్లి గుంపుగా కబుర్లు! వైద్య పరికరాలు తయారుచేసే మన మెడ్‌టెక్ జోన్‌లో కరోనా టెస్టు కిట్ల తయారీ మొదలైందని విన్నాకే కాస్త ఊపిరాడింది. వదిన మాత్రం ఓ రోజు ఎవర్నీ అడక్కుండా లిఫ్ట్ ఎక్కేసింది. ఎవరూ నోరెత్తలేదు.