అనంతపురం గట్టు మీద ఒక కూపన్ కథ

కిందటి శనివారం కర్నూలు నుంచి అనంతపురం వెళ్తున్న బస్సు గుత్తి దాటాక టీ కోసం ఆగినప్పుడు, కొట్టు పక్కన ఇద్దరు గొంతు తగ్గించి మట్కా అనే అంకెల జూదం గురించి మాట్లాడుకోవడం విన్నాను. "ఓపెన్‌కు ఎంత రాసినావన్నా?" అని ఒకడు అడిగితే, రెండోవాడు జవాబు చెప్పకుండా సిగరెట్ పెట్టె అట్టముక్క మీద పెన్సిలుతో రాసిన అంకెలను అరచేతిలో చూపించి, వెంటనే చొక్కా జేబులోకి తోసేశాడు. మా సీమలో ఇది కొత్త దృశ్యం కాదు. అయితే ఆ అట్టముక్క సాయంత్రం దాకా నన్ను వదలలేదు.

నేను వెళ్ళింది ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడాగ్రామంలో పిల్లల ఫుట్‌బాల్ ఆట చూడడానికి. ఆ సంస్థను నెలకొల్పిన విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినవారు కాబట్టి, అనంతపురంలో స్పెయిన్ అతిథులు కనిపిస్తే ఎవరూ వింతగా చూడరు. గట్టు మీద నా పక్కన కూర్చున్న అటువంటి పెద్దాయన ఒకరు, వాళ్ళ నాన్న వారం వారం నింపే 'కినియేలా' అనే ఫుట్‌బాల్ పందెం కూపన్‌ను నా నోటుపుస్తకంలో గీసి చూపించారు. సొంత మైదానంలో ఆడే జట్టు గెలుస్తుందనుకుంటే 1, సమానమైతే ఎక్స్, బయటి జట్టయితే 2. 1946లో మొదలైన ఈ పందేన్ని అక్కడ ప్రభుత్వమే నడుపుతుందని విన్నప్పుడు, చొక్కా జేబులోకి పోయిన అట్టముక్క మళ్ళీ గుర్తుకు వచ్చింది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి కూపన్ నిలదొక్కుకున్న తీరు మరీ విచిత్రమైనది. ఫుట్‌బాల్ పందేనికి ముందుగా నగదు తీసుకోవడాన్ని 1920 నాటి చట్టం నిషేధించింది. అప్పు మీద కాయడాన్ని మాత్రం ముట్టుకోలేదు. 1923లో లివర్‌పూల్‌కు చెందిన జాన్ మూర్స్, ఇద్దరు మిత్రులతో కలిసి, ఆ సందులోంచే దూరాడు: కూపన్ ఆటకు ముందే తపాలాలో రావాలి, డబ్బు ఆట అయిపోయాక పోస్టల్ ఆర్డరు రూపంలో రావాలి. రాబోయే శెనక్కాయ పంటను చూపి అప్పు తెచ్చుకునే మన రైతుకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫోర్డ్ మైదానం బయట వాళ్ళు 4,000 కూపన్లు పంచితే, నింపి తిరిగి పంపినవి 35 మాత్రమే. కొంతకాలానికి మిత్రులిద్దరూ తప్పుకున్నారు. మూర్స్ ఒక్కడే పట్టు విడవక, లిటిల్‌వుడ్స్ అనే పేరుతో నడిపిన ఆ కూపన్ వ్యాపారంతోనే కోటీశ్వరుడయ్యాడు.

అదే మైదానంలో అంతకు 8 ఏళ్ళ ముందు, 1915 గుడ్ ఫ్రైడే నాడు, మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో లివర్‌పూల్‌పై గెలిచింది. సరిగ్గా ఆ స్కోరు మీదే, ఒకటికి ఏడు ధరతో, పందేలు కుప్పలుగా పడ్డాయని, ఫలితాన్ని ఆటగాళ్ళే ముందుగా కుదుర్చుకున్నారని తేలి, రెండు జట్లలో కలిపి ఏడుగురు ఆటగాళ్ళను జీవితకాలం బహిష్కరించారు. పందెం ఆటను ఎక్కడ కొరుకుతుందో తెలుసుకోవడానికి నాకు ఈ ఒక్క ఉదంతం చాలు.

కూపన్లు తపాలాలో దర్జాగా తిరుగుతున్న కాలంలోనే, వీధుల్లో నగదు పందేల చీటీలు మోసే మనుషులు పోలీసుల కంటపడకుండా తప్పించుకు తిరిగేవారు. మన మట్కా బీటర్ల బతుకే వాళ్ళదీ. 1960 చట్టం వచ్చి, 1961 మేలో పందెం దుకాణాలు బాహాటంగా తెరుచుకునే దాకా ఆ దాగుడుమూతలు సాగాయి.

పెద్దాయనను బాగా నవ్వించింది 1963 సంగతి. ఆ చలికాలం మంచుకు మైదానాలన్నీ గడ్డకట్టి ఆటలు వరసగా ఆగిపోవడంతో, కూపన్ కంపెనీలు మాజీ ఆటగాళ్ళతో ఒక మండలిని కూర్చోబెట్టాయి. జరగని ఆటల్లో ఎవరు గెలిచి ఉండేవారో ఆ మండలి తీర్పు చెప్పేది, కూపన్లకు అదే చెల్లుబాటు.

ఇంతలో మా ముందు ఆట మొదలైంది. డబ్బు మాట లేకుండా, సరదాకు, నన్నూ ఒక అంకె వేయమన్నారాయన. రెండు జట్లూ ఈ జిల్లావే అయినప్పుడు సొంత మైదానం ఎవరిదని అడిగితే, కాసేపు ఆలోచించి, చెట్టు నీడ పడుతున్న వైపు ఉన్నవారిదే అన్నారు. నేను 1 వేశాను. సగం ఆట కాగానే జట్లు వైపులు మారాయి, నీడ అవతలివారికి పోయింది. నోటుపుస్తకం నా చేతికిచ్చి, దీనికి లండన్ నుంచి ఆ మండలి రావలసిందేనన్నారు పెద్దాయన.