నాన్న ఊపిరి

ఈ రోజు నాన్న బ్రాడీపేట నాలుగో లైను చివరిదాకా ఎక్కడా ఆగకుండా నడిచాడు. వెనకాలే నడుస్తూ ఆయన భుజాలు లేచి పడటం చూస్తూనే ఉన్నాను.

నాలుగు నెలల కిందట ఇదే మనిషి, గుంటూరులోనే ఒక ఐసీయూలో, వెంటిలేటర్ మీద రోజుకు 16 గంటలు బోర్లా పడుకుని ఉన్నాడు. న్యుమోనియా ముదిరి ఏఆర్‌డీఎస్ అయింది, అంటే ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఊపిరి అందని స్థితి. మొదట చూపించిన చోట మామూలు జ్వరమే అన్నారు. రెండు రోజులు అలా పోయాయి, ఆ బాధ ఇంకా పోలేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. నల్లగా కనపడాల్సిన ఊపిరితిత్తులు రెండూ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. "ఇప్పుడు క్రిమి ఒక్కటే కాదమ్మా, ఆయన తెల్లకణాలు కూడా దెబ్బతీస్తున్నాయి" అంది.

ఆ తెల్లకణాల పేరు న్యూట్రోఫిల్స్. ఇన్‌ఫెక్షన్ దగ్గరికి ముందుగా పరుగెత్తేవి అవే. క్రిముల్ని కరిగించే ఎంజైములు వదులుతాయి. తమ డీఎన్‌ఏనే వలలా విసిరి వాటిని పట్టేస్తాయి కూడా, ఈ సంగతి 2004లో బయటపడింది. అవి హద్దు దాటితే ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గదికీ రక్తనాళానికీ మధ్యనున్న పల్చటి గోడ చిరుగుతుంది, నీరు ఊరి గదులు నిండిపోతాయి. ఇక ఆక్సిజన్ ఎంత పెట్టినా రక్తంలోకి ఎక్కదు.

పోనీ వాటిని ఆపేద్దామంటే క్రిమి గెలుస్తుంది. అందుకే వాటిని చెడ్డవి అనడానికి నాకు నోరు రాదు. నాన్నని కాపాడాలనే వచ్చాయి.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "రేపు ఐదో లైను కూడా చూద్దామా అమ్మా?" అన్నాడు.