నాకు ఓటుంది, ఆమెకు లేదు

2016 జూన్ 9, గురువారం, రెడింగ్, ఇంగ్లండ్

రిఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) ఓటేయడానికి ఓటరుగా పేరు నమోదు చేసుకోవడానికి ఈ అర్ధరాత్రే ఆఖరు. అసలు మొన్న 7వ తేదీతోనే గడువు అయిపోవాలి. చివరి గంటల్లో జనం ఒక్కసారిగా ఎగబడేసరికి ప్రభుత్వ వెబ్‌సైట్ మొరాయించింది, దాంతో రెండు రోజులు పొడిగించారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన హైదరాబాద్ కుర్రాడికి ఇదేమీ తెలీదు. "మనం ఇండియన్స్ కదక్కా, మనకెందుకిస్తారు ఓటు?" అన్నాడు. కామన్వెల్త్ దేశాల పౌరులు సరైన వీసాతో ఇక్కడ ఉంటున్నవాళ్లయితే, బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా పోవాలా అన్న 23వ తేదీ రిఫరెండంలో ఓటేయొచ్చు. లంచ్ టైంలో పక్కన కూర్చోబెట్టుకుని అప్లికేషన్ పెట్టించాను.

సాయంత్రం చర్చి హాల్లో చర్చ ఉందని పక్కింటావిడే చెప్పింది. మా ఆయనా నేనూ ఆమెతో కలిసే వెళ్లాం. ఆమెది పోలండ్. 2004 మేలో పోలండ్ యూనియన్‌లో చేరింది, ఆ మరుసటి ఏడాదే ఈమె ఇక్కడికి వచ్చేసింది. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. వృద్ధుల ఆశ్రమంలో నైట్ డ్యూటీలు చేస్తుంది. మొన్న మేలో కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేసింది కూడా. కానీ ఈ రిఫరెండంలో ఆమెకు ఓటు లేదు. ఐర్లండ్ వాళ్లకుంది, కామన్వెల్త్‌లో ఉన్నారు కాబట్టి మాల్టా, సైప్రస్ వాళ్లకుంది. మిగతా యూరప్ వాళ్లెవరికీ లేదు. ఆమె వచ్చిన చాలా ఏళ్లకు వచ్చి, ఇంకా ఇండియన్ పాస్‌పోర్టుతోనే తిరుగుతున్న నాకుంది.

హాలు నిండిపోయింది. మొదటి అరగంట అంతా అంకెల గొడవే. వారానికి 35 కోట్ల పౌండ్లు యూనియన్ కేంద్రం బ్రస్సెల్స్‌కు పోతున్నాయని ఒకాయన అంటే, అందులో మనకు తగ్గించి ఇచ్చే రిబేట్ లెక్కే కలపలేదు, ఆ అంకె తప్పుదారి పట్టించేదని గణాంకాల అథారిటీయే చెప్పింది కదా అని ఇంకొకావిడ లేచింది. యూనియన్ నుంచి బయటికొస్తే ఒక్కో ఇంటికి ఏడాదికి 4,300 పౌండ్లు నష్టమన్న ఆర్థికశాఖ అంచనా ఆవిడ చదివితే, అటువైపు వాళ్లు గోల చేశారు. ఎవరి అంకె విని ఎవరూ మనసు మార్చుకున్నట్టు నాకనిపించలేదు.

ఆ తర్వాత ఒక పెద్దాయన మైకు తీసుకున్నాడు. 1975 రిఫరెండంలో యూరప్‌తో కలిసుందామనే ఓటేశాడట. అప్పుడు ఆయనలాగే మూడింట రెండొంతుల మంది కలిసుందామన్నారు. "అప్పుడు మమ్మల్ని అడిగింది వ్యాపారం గురించి. ఇప్పుడు మేం ఎన్నుకోనివాళ్లు మాకు చట్టాలు చేస్తున్నారు. మా చట్టాలు మేం చేసుకోవాలి, మా డబ్బు మేం ఖర్చు పెట్టుకోవాలి, ఎవరు రావాలో మేం చెప్పాలి" అన్నాడు. గొంతు పెంచలేదు, ఎవరినీ తిట్టలేదు. మా ఆయన నా వైపు వంగి, "నీళ్లు, నిధులు, నియామకాలు" అన్నాడు.

మా ఆయనది వరంగల్, నాది గుంటూరు. ఉద్యమం రోజుల్లో మా ఇంట్లో ఈ మాట మీద ఎన్ని రాత్రుళ్లు వాదించుకున్నామో! పెద్దాయన మాట ఆయనకు నాకంటే ముందు అర్థమవడంలో ఆశ్చర్యం లేదు. మన బతుకు మన చేతిలో లేదన్న బాధ లెక్కలతో తీరేది కాదని ఆయన అప్పుడూ అనేవాడు. నాకది ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. అయితే ఒక తేడా ఉంది. తెలంగాణ విషయంలో ఆయన్నీ నన్నూ ఎవరూ పోలింగ్ బూత్‌కు పిలిచి అడగలేదు. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం ఢిల్లీలో పార్లమెంటు తేల్చేసింది, ఉమ్మడి రాష్ట్ర శాసనసభ బిల్లును తిరస్కరించినా ఆగలేదు. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాం. నా సొంత రాష్ట్రం సంగతిలో దొరకని ఓటు, నేను పుట్టని దేశంలో దొరికింది. దాన్ని తేలిగ్గా తీసుకోవడం నా వల్ల కాదు.

విరామంలో టీ దగ్గర "లీవ్" (యూనియన్ వదిలేద్దాం) బ్యాడ్జి పెట్టుకున్న ఒకాయన మా దగ్గరకు వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గితే మీ ఇండియా వాళ్లకు వీసాలు సులువవుతాయి, మీరు మాకే ఓటేయాలి అన్నాడు. పోలండ్ ఆవిడ నా పక్కనే కప్పు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. నాకు ఒళ్లు మండింది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇక్కడ స్థిరపడాలంటే జీతం 35,000 పౌండ్లు ఉండాలన్న రూలు ఈ ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చింది. అది పెట్టింది లండన్, బ్రస్సెల్స్ కాదు. మా మీద అంత ప్రేమ ఉంటే ఆ రూలు రేపే తీసేయొచ్చు, దానికి ఎవరూ యూనియన్ వదిలి రానక్కర్లేదు. అదే ఆయనతో చెప్పాను. "మీరు చెప్పింది నిజమే, కానీ..." అంటూ ఇంకేదో మొదలుపెట్టాడు. ఈలోగా రెండో సగం మొదలైంది.

స్కాట్లండ్ బ్రిటన్‌లో ఉండాలా విడిపోవాలా అని 2014లో అడిగినప్పుడు అక్కడ నివసించే యూరప్ వాళ్లందరికీ ఓటిచ్చారు. పదహారేళ్ల పిల్లలకూ ఇచ్చారు. ఇక్కడ ఇద్దరికీ లేదు. ఈ మాట ఎత్తిన కాలేజీ అమ్మాయికి చప్పట్లు బాగా పడ్డాయి, జవాబు మాత్రం సరిగా రాలేదు. దేశం భవిష్యత్తును దేశ పౌరులే నిర్ణయించుకోవాలన్నారు ఒకరు. అలాగైతే నన్నెందుకు పిలిచినట్టు?

నేను ఉండిపోదామనే ఓటేస్తున్నాను. వ్యాపారం, ఉద్యోగాలు, ఆ కారణాలన్నీ ఉన్నాయి. కానీ అన్నిటికంటే ముందు, పక్కింటి మనిషి ఇల్లు కదిలిపోయే విషయంలో ఆమెను అడగకుండా నన్ను అడుగుతున్నప్పుడు, నేను ఆమెను తలుచుకోకుండా టిక్కు పెట్టలేను. మా ఆయన ఇంకా తేల్చుకోలేదు. పెద్దాయన మాట ఆయన్ను వదల్లేదు. నేను ఒత్తిడి చేయను, అది ఆయన ఓటు.

తొమ్మిది దాటినా వెలుతురు పోలేదు. రేపటి నుంచి యూరో కప్పు కదా, దారి పొడుగునా కిటికీలకు ఇంగ్లండ్ జెండాలు. నడుస్తూ ఆవిడ, "పర్మనెంట్ రెసిడెన్స్ ఫారం ప్రింట్ తీశానండి, ఎనభై అయిదు పేజీలుంది. చూస్తేనే టెన్షన్‌గా ఉంది" అంది. యూనియన్ దేశపు పౌరురాలు కాబట్టి ఇన్నేళ్లూ ఆమెకు ఇక్కడ ఉండటానికి ఏ ఫారంతోనూ పని పడలేదు. మాకు ఈ దేశంలో మొదటి రోజు నుంచీ ఫారాలతోనే పని. శనివారం పొద్దున్నే మా ఇంటికి రమ్మన్నాను. పీ60లు (ఏడాది జీతం, పన్ను చూపే కాగితాలు), జీతం స్లిప్పులు, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులు ఏవున్నా అన్నీ తెమ్మని, వచ్చిన రోజు నుంచి దేశం బయటికి వెళ్లొచ్చిన తేదీలన్నీ ఈలోపే ఒక కాగితం మీద రాసి పెట్టుకోమని చెప్పాను. అందరినీ ఏడిపించేది ఆ తేదీల పేజీయే.